ఎనిమిది డిగ్రీలా, మూడున్నర క్వింటాళ్ళా?

ఒకదానిలో ఒకటి ఇరుక్కుపోయిన రెండు స్టీలు గ్లాసుల్ని విడదీయడానికి మన ఇళ్ళల్లో ఎవరూ సుత్తి వెతకరు. బయటి గ్లాసును వేడినీళ్ళ గిన్నెలో నిలబెడతారు, లోపలి గ్లాసులో చన్నీళ్ళు పోస్తారు, అర నిమిషం ఆగి మెలితిప్పి లాగుతారు. వచ్చేస్తుంది. రెండు గ్లాసులూ ఒకే లోహం. వేడికి రెండూ ఒకేలా సాగుతాయి. అయినా విడిపోయాయంటే, పని చేసింది లోహాల మధ్య తేడా కాదు, వాటి ఉష్ణోగ్రతల మధ్య తేడా. వంటింట్లో ఇంత సులువుగా తోచే ఈ సంగతి అదేం చిత్రమో గానీ మెకానిక్ షెడ్డు గడప దాటగానే మరుపున పడుతుంది. అక్కడ ఇరుక్కున్న వస్తువు కనపడగానే చెయ్యి సుత్తి మీదికే పోతుంది. పట్టేసిన ఆల్టర్నేటర్‌ను, అంటే బండి ఇంజన్‌లో కరెంటు పుట్టించే యంత్రాన్ని, తీయడం బలానికి సంబంధించిన పని కానేకాదు, కొలతకూ వేడికీ సంబంధించిన పని అనేది ఈ వ్యాసంలో నా వాదన. దానికి లెక్కలున్నాయి, కాదనేవాళ్ళు అడిగే ప్రశ్నలకు జవాబులూ ఉన్నాయి.

జంషెడ్‌పూర్‌లోని టాటానగర్ రైల్వే స్టేషనుకు దక్షిణంగా ఉన్న పర్సుడీహ్‌లో వ్యవసాయ మార్కెట్ యార్డు ఉంది. సరుకు లారీలు వచ్చే చోట వాటిని బాగుచేసే చేతులు కూడా ఉంటాయి. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచీ, టాటా ఉక్కు కర్మాగారం కాలం నుంచీ శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి స్థిరపడిన తెలుగువాళ్ళకు ఈ ఊరు కొత్త కాదు, ఈ ఊరికి ఇనుము కొత్త కాదు. 1945లో మొదలైన టాటాల కంపెనీ టెల్కో, 1954లో డైమ్లర్ బెంజ్ సహకారంతో లారీలు చేయడం మొదలుపెట్టాక జంషెడ్‌పూర్‌కు ఇంజన్ భాగాలు కూడా ఇంటి సామానులాంటివయ్యాయి. లారీ ఆల్టర్నేటర్‌కు అల్యూమినియం చెవులుంటాయి, వాటిలోంచి ఉక్కు బోల్టు దూరుతుంది. నాలుగు వానాకాలాలు గడిచాక ఆ బోల్టు బయటికి రానంటుంది. ‘పట్టేసింది’ అంటారు. ఈ చిన్న పేచీకి పెద్దన్న లాంటిది ఒకటుంది. పాత పోర్షే 911 కారులో ఫ్యాన్ గూడు మధ్య ఇరుక్కుపోయే ఆల్టర్నేటర్ అది. ఆ కారు పర్సుడీహ్ సందుల్లో తిరిగే బండి కాదు. కానీ రోగం ముదిరిన చోట చూస్తేనే దాని స్వభావం బాగా తెలుస్తుంది కాబట్టి ముందు దాన్ని విప్పి చూద్దాం.

పోర్షే 911 ఉత్పత్తి 1964లో మొదలైంది, 1998 దాకా దాని ఇంజన్‌ను గాలే చల్లబరిచింది. రేడియేటర్ లేదు. ఇంజన్ వెనకాల ఒక పెద్ద ఫ్యాను, దాని చుట్టూ గుండ్రటి పోత గూడు. ఇంజనీర్లు ఇక్కడ చోటు కలిసొచ్చేలా ఒక తెలివైన పని చేశారు. ఆల్టర్నేటర్‌ను పక్కన ఎక్కడో తగిలించకుండా ఈ గూడు నడిమధ్యలోనే కూర్చోబెట్టి, దాని ఇరుసు మీదే ఫ్యాన్‌ను బిగించారు. ఒక్క బెల్టు తిప్పితే చాలు, గాలీ వస్తుంది, కరెంటూ వస్తుంది. గూడు మధ్యలో ఒక వలయం ఉంటుంది, రెక్కల్లాంటి పట్టీలు దాన్ని బయటి అంచుకు కలుపుతాయి. ఆల్టర్నేటర్ ఒళ్ళు ఆ వలయంలో ఒదిగి కూర్చుంటుంది, వెనక నుంచి నట్లు బిగుస్తాయి. ఒళ్ళు అల్యూమినియం మిశ్రమం. పాత బళ్ళలో ఈ గూడు మెగ్నీషియం మిశ్రమంతో పోతపోసింది. బరువు తగ్గించాలన్న ఆశ. మెగ్నీషియం అల్యూమినియం కన్నా మూడో వంతు తేలిక. రేఖాచిత్రం మీద ముచ్చటగా ఉన్న ఈ ఏర్పాటులో ఒక్కటే లోపం: ఒకరంటే ఒకరికి పడని రెండు లోహాలను వానలో తడిసే చోట ఒళ్ళూ ఒళ్ళూ ఆనించి కూర్చోబెట్టారు.

పడకపోవడమంటే ఏమిటో అంకెల్లో చెప్పవచ్చు. ప్రతి లోహానికీ తనలోని ఎలక్ట్రాన్లను వదులుకునే గుణం ఎంతుందో వోల్టుల్లో కొలుస్తారు. ప్రామాణిక పట్టికలో రాగి ప్లస్ 0.34, ఇనుము మైనస్ 0.44, అల్యూమినియం మైనస్ 1.66, మెగ్నీషియం మైనస్ 2.37. అంకె ఎంత కిందికి పోతే ఆ లోహం అంత సులువుగా కరుగుతుంది. నిజజీవితంలో అల్యూమినియం తన మీద తానే ఒక పలచటి ఆక్సైడు పొర కప్పుకుంటుంది కాబట్టి పట్టికలో కనపడినంత బలహీనంగా ప్రవర్తించదు. ఉప్పునీటిలో కొలిస్తే మెగ్నీషియానికీ దానికీ మధ్య ముప్పావు వోల్టుకు పైగా తేడా ఉంటుంది. అంటే టార్చిలైటు బ్యాటరీలో సగం. ఆ రెంటి మధ్య ఇంత తడి చేరిందా, మనం అడగకుండానే ఒక బ్యాటరీ తయారైనట్టే. మెగ్నీషియం కరిగి హైడ్రాక్సైడ్‌గా మారుతుంది. ఎదురుగా అల్యూమినియం దగ్గర క్షారం పుడుతుంది. మామూలుగా ఇలాంటి జంటలో ఒకరు నష్టపోతే రెండోవారు క్షేమంగా ఉండాలి. ఇక్కడ అలా కాదు. అల్యూమినియానికి క్షారమంటే గిట్టదు, దాని రక్షణ పొర అందులో కరిగిపోతుంది. ఫలితంగా ఇద్దరూ తెల్లపొడి అవుతారు. గూడును విప్పి చూసినవాళ్ళకు అంచుల్లో సున్నంలా కనపడే పొడి అదే.

ఈ సంగతి మనిషికి తెలియక కాదు. 1761లో బ్రిటిష్ నౌకాదళం ‘అలార్మ్’ అనే ఓడ అడుగుకు పురుగు పట్టకుండా రాగి రేకులు తొడిగింది. రెండేళ్ళ తర్వాత చూస్తే రేకులు భేషుగ్గా ఉన్నాయి, రాగికి తగిలిన ఇనుప మేకులు మాత్రం చాలావరకు తినేసి ఉన్నాయి. కొన్ని చోట్ల మేకులు బాగానే ఉన్నాయి. ఎందుకని చూస్తే, రేకులు చుట్టి వచ్చిన గోధుమరంగు కాగితం అక్కడ చిరగకుండా ఇనుముకూ రాగికీ మధ్య మిగిలిపోయింది. విద్యుద్ఘటాన్ని వోల్టా కనిపెట్టింది 1800లో. అంటే శాస్త్రం పేరు పెట్టడానికి దాదాపు నలభై ఏళ్ళ ముందే ఒక కాగితం ముక్క జవాబు చెప్పేసింది. అయినా న్యూయార్కు స్వాతంత్ర్య దేవత విగ్రహంలో ఇదే తప్పు తిరిగి బయటపడింది. రాగి చర్మానికీ ఇనుప అస్థిపంజరానికీ మధ్య పెట్టిన పొర పాడైపోయాక ఇనుము తుప్పుపట్టి ఉబ్బింది, రాగికి వేసిన పట్టీలను రివెట్లతో సహా పెకలించింది. 1984 నుంచి 1986 వరకు సాగిన మరమ్మతులో ఆ ఇనుప కడ్డీలను చాలామటుకు స్టెయిన్‌లెస్ స్టీలుతో మార్చి, మధ్యన టెఫ్లాన్ పెట్టారు. ఆ ఉదంతంలో మనం గుర్తుంచుకోవాల్సిన మాట ‘ఉబ్బింది’ అన్నది.

ఎందుకంటే తుప్పు అనగానే మనకు తరుగుదలే స్ఫురిస్తుంది. లోహం పోతుంది, సందు పెరుగుతుంది, వస్తువు వదులవ్వాలి కదా అనిపిస్తుంది. జరిగేది దానికి సరిగ్గా తలకిందులు. లోహం నీటినీ ఆక్సిజన్‌నూ తనలో కలుపుకుని కొత్త పదార్థమవుతుంది, ఆ కొత్త పదార్థానికి చోటు ఎక్కువ కావాలి. అణుభారాన్ని సాంద్రతతో భాగిస్తే ఈ లెక్క ఎవరైనా వేసుకోవచ్చు. మెగ్నీషియం హైడ్రాక్సైడ్‌గా మారితే దాని పరిమాణం ఒకటికి 1.78 వంతులవుతుంది. అల్యూమినియం హైడ్రాక్సైడ్‌గా మారితే ఏకంగా 3.2 వంతులు. ఇనుము మామూలు తుప్పుగా మారితే దాదాపు మూడింతలు. ఇప్పుడు వలయానికీ ఆల్టర్నేటర్‌కూ మధ్య 0.05 మిల్లీమీటర్ల సందు ఉందనుకోండి. అల్యూమినియం వైపు నుంచి 0.023 మిల్లీమీటర్లు కరిగితే చాలు, పుట్టిన పొడి ఆ సందును నింపేస్తుంది. తలవెంట్రుక మందంలో మూడో వంతన్న మాట. ఆ తర్వాత కూడా తడి అందుతూ ఉంటే పొడి పుడుతూనే ఉంటుంది, చోటు లేదు కాబట్టి వలయాన్ని బయటికి నెడుతుంది. కొత్తలో చేత్తో జారిపోయేలా కూర్చున్న భాగం బిగింపుగా మారిపోతుంది. ఇరుక్కుపోయింది అనడం కంటే లావెక్కింది అంటేనే నిజానికి దగ్గర.

ఇక్కడ ఒక అభ్యంతరం సహజంగా వస్తుంది. ఆల్టర్నేటర్ కరెంటు పుట్టించే యంత్రం, ఆ కరెంటే ఇంజన్ ఒంట్లోంచి పోతూ లోహాన్ని తినేస్తోందేమో కదా? వినడానికి బాగుంది కానీ సాక్ష్యం ఎదురు తిరుగుతుంది. లోహమూ లోహమూ సరిగ్గా ఆనుకున్న చోట కరెంటు పోతే వోల్టేజి నష్టం వోల్టులో వెయ్యో వంతుల్లో ఉంటుంది. రెండు లోహాల మధ్య పుట్టుకతో ఉన్న తేడా దానికి వందల రెట్లు. అంతకన్నా గట్టి సాక్ష్యం మరొకటుంది. రోజూ తిరిగే బండి కన్నా షెడ్డులో కవరు కప్పి నెలల తరబడి నిలబెట్టిన బండికే ఈ రోగం ఎక్కువ రావాలి, వస్తుంది కూడా. తిరిగే ఇంజన్ వేడికి సందులోని తడి ఆరిపోతుంది. నిలబడ్డ బండిలో వానాకాలపు తేమ అక్కడే కూర్చుంటుంది. జంషెడ్‌పూర్‌లో ఏడాదికి 1,200 మిల్లీమీటర్లకు పైగా వాన, అందులో అత్యధిక భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపు. చలి దేశాల్లో మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు ఇక్కడ లేకపోవడం మన అదృష్టం. అదే విశాఖ, కాకినాడ వంటి తీరపు ఊళ్ళలో అయితే ఆ ఉప్పును గాలే మోసుకొస్తుంది. కరెంటు పుట్టినా పుట్టకపోయినా తుప్పుకు కావలసినవి రెండు లోహాలు, వాటి మధ్య తాకిడి, కాస్త నీరు.

తప్పంతా మెగ్నీషియానిదే అనడమూ న్యాయం కాదు. డౌ కంపెనీకి చెందిన హానవాల్ట్, ఆయన సహచరులు 1942లో ఒక కీలకమైన విషయం ప్రకటించారు. మెగ్నీషియంలో ఇనుము మోతాదు 0.017 శాతం దాటిందంటే తుప్పు వేగం ఒక్కసారిగా పెరిగిపోతుంది. నికెల్, రాగి కూడా అలాంటి దొంగచుట్టాలే. లోపల నలుసులంత ఇనుము ఉన్నా చాలు, బయటి శత్రువు అక్కర్లేదు, లోహం లోపలే వేల బుల్లి బ్యాటరీలు తయారవుతాయి. మలినాలను బాగా తగ్గించిన మిశ్రమాలు 1980లలో గానీ విరివిగా రాలేదు. అందుకే అరవయ్యో దశకపు పోతలు అంత సున్నితం. ఈ లోహం మీద పరిశోధన ఈ ఊళ్ళోనూ జరిగింది. పర్సుడీహ్‌కు కొద్ది కిలోమీటర్ల దూరంలో ఉన్న జాతీయ లోహశోధన శాలకు 1946 నవంబరులో రాజాజీ శంకుస్థాపన చేశారు, 1950 నవంబరు 26న నెహ్రూ ప్రారంభించారు. డోలమైటు రాయి నుంచి మెగ్నీషియం తీసే పద్ధతుల మీదా, లోహాల తుప్పు మీదా అక్కడ దశాబ్దాలుగా పని జరిగింది. సముద్రపు గాలి ప్రభావం చూడడానికి బెంగాల్ తీరంలోని దిఘాలో కూడా ఒక కేంద్రం నడిపారు.

ఇక బలం సంగతి. లెక్క సులువుగా ఉండడానికి వలయం లోపలి వ్యాసం 100 మిల్లీమీటర్లు, గోడ మందం 5, ఆల్టర్నేటర్ ఆనుకున్న లోతు 40 అనుకుందాం. ఉబ్బిన పొడి ఆ వలయాన్ని వ్యాసంలో 0.02 మిల్లీమీటర్లు సాగదీసిందనుకుందాం, అంటే పలచటి కాగితంలో మూడో నాలుగో వంతు. మెగ్నీషియం బిగువును బట్టి చూస్తే ఆ సాగదీతకు వలయం తిరిగి నొక్కే ఒత్తిడి ప్రతి చదరపు మిల్లీమీటరుకు 0.9 న్యూటన్లు. చిన్నదే. కానీ ఆ నొక్కుడు 12,500 చదరపు మిల్లీమీటర్ల మీద పరుచుకుంది. మొత్తం కలిపితే 11,000 న్యూటన్లు దాటుతుంది. ఘర్షణ గుణకం 0.3 అనుకుంటే, ఆల్టర్నేటర్‌ను తిన్నగా కదిలించడానికి దాదాపు 3,400 న్యూటన్ల బలం కావాలి. మన కొలతల్లో మూడున్నర క్వింటాళ్ళ బరువు, ఏడు బియ్యం బస్తాలు. ఆ పొడి గరుకు వల్ల నిజంలో ఇంకా ఎక్కువే పడుతుంది.

సుత్తి దెబ్బ అంత బలం ఇవ్వలేదా అంటే, క్షణకాలం ఇస్తుంది. అది ఎక్కడికి పోతుందన్నదే ప్రశ్న. ఇరుసు చివర కొడితే దెబ్బ బేరింగుల్లోంచి పోతుంది, గోళీలు తమ గాడిలో చిన్న చిన్న నొక్కులు వేస్తాయి, తర్వాత ఆ ఆల్టర్నేటర్ జీవితాంతం మూలుగుతుంది. గూడు మీద కొడితే మెగ్నీషియం స్ఫటిక నిర్మాణం అడ్డొస్తుంది. అల్యూమినియం అణువుల వరసలు ఒకదాని మీద ఒకటి జారడానికి చాలా దారులున్నాయి, అందుకే దెబ్బకు సొట్టపడి ఊరుకుంటుంది. మెగ్నీషియానికి మామూలు ఉష్ణోగ్రతలో అలాంటి దారులు చాలా తక్కువ, 225 డిగ్రీల దరిదాపులకు వెళితే గానీ కొత్తవి తెరుచుకోవు. చల్లగా ఉన్నప్పుడు కొడితే సొట్టపడదు, పగులుతుంది. పైగా పొట్టిగా లావుగా ఉన్న వస్తువును ఒక పక్క కొడితే కాస్త వంకర తిరిగి అడ్డం పడుతుంది. బీరువా సొరుగును ఒక మూల పట్టుకుని లాగితే ఏమవుతుందో అదే. ఎంత బలంగా లాగితే అంత బిగుస్తుంది. బలం పెంచేకొద్దీ పని దూరమయ్యే సందర్భాలు యంత్రాల్లో కొన్నే ఉంటాయి, ఇది వాటిలో ఒకటి.

ఇప్పుడు అదే 0.02 మిల్లీమీటర్లను వేడితో అడుగుదాం. మెగ్నీషియం ఒక డిగ్రీ వేడెక్కితే పది లక్షల్లో 26 వంతులు సాగుతుంది. 100 మిల్లీమీటర్ల వలయం 0.02 పెరగాలంటే లోపలి దానికన్నా 8 డిగ్రీలు ఎక్కువ వేడెక్కితే చాలు. ఎనిమిదంటే ఎనిమిదే. మూడున్నర క్వింటాళ్ళ మొండితనం ఒక మోస్తరు జ్వరానికి వదిలిపోతుంది. అయితే ఇక్కడే చాలామంది బోల్తాపడతారు. గూడునంతా పొయ్యి మీదో ఓవెన్‌లోనో పెట్టి సమంగా కాల్చితే లోపలి అల్యూమినియం కూడా సాగుతుంది, అది డిగ్రీకి 23 వంతులు. మిగిలే తేడా మూడు వంతులే. అదే 0.02 రావాలంటే అప్పుడు 67 డిగ్రీల వేడి ఎక్కించాలి, అందులో ఎనిమిది వంతులకు ఏడు వంతుల సాగుదల వృథా. కాబట్టి ఎంత వేడి పెట్టామన్నది రెండో ప్రశ్న. ఎంత త్వరగా పెట్టాం, లోపలికి చేరకముందే లాగామా అన్నది మొదటి ప్రశ్న. స్టీలు గ్లాసులకు చన్నీళ్ళు ఎందుకు పోస్తారో ఇప్పుడు తేటతెల్లం. మధ్యలో ఉన్న తెల్లపొడి లోహాలంత బాగా వేడిని పోనివ్వదు కాబట్టి, ఇన్నాళ్ళూ శత్రువుగా ఉన్న ఆ పొరే ఈ కొద్ది నిమిషాలు మన పక్షాన నిలుస్తుంది.

ఈ విద్య మన కమ్మరికి ఎవరూ నేర్పాల్సిన పని లేదు. బండి చక్రం పూటీల చుట్టూ తొడిగే ఇనుప పట్టాను చక్రం కన్నా కాస్త చిన్నదిగా చేసి, పిడకల మంటలో ఎర్రగా కాల్చి, తొడిగి, నీళ్ళు చల్లేవాడు. చల్లారిన పట్టా పూటీలనూ ఆకులనూ ఒక్కటిగా బిగించేది. ఆవిరి ఇంజను చక్రాలకు ఉక్కు టైర్లు ఎక్కించడంలో జరిగింది కూడా ఇదే, వ్యాసంలో సుమారు వెయ్యో వంతు తక్కువగా చేసి కాల్చి తొడిగేవారు. 1943లో రాకపోకలకు తెరిచిన హౌరా వంతెనలో 26,500 టన్నుల ఉక్కు, అందులో అధిక భాగం ఈ జంషెడ్‌పూర్‌దే. నట్టూ బోల్టూ లేకుండా దాన్ని రివెట్లతో కట్టారు. ఎర్రగా కాల్చి కొట్టిన రివెట్ చల్లారుతూ కురచవుతుంది, ఆ కురచదనమే రేకులను నొక్కిపడుతుంది. వేడితో బిగించడం తెలిసిన ఊరు వేడితో వదిలించడానికి సంకోచించడం నాకు వింతగానే ఉంటుంది.

పర్సుడీహ్ లారీ బోల్టుకు వస్తే పని ఇంకా తేలిక. అక్కడ బయట ఉన్నది అల్యూమినియం చెవి, లోపల ఉన్నది ఉక్కు. ఉక్కు డిగ్రీకి 12 వంతులే సాగుతుంది, అల్యూమినియం దాదాపు రెట్టింపు. రెండూ సమంగా వేడెక్కినా బయటిదే ఎక్కువ సాగుతుంది. 10 మిల్లీమీటర్ల బోల్టు దగ్గర 80 డిగ్రీల వేడికి సుమారు 0.009 మిల్లీమీటర్ల సడలింపు వస్తుంది. తొందర అక్కర్లేదు, నిదానంగా కాల్చవచ్చు. అదే తలకిందులై, పోత ఇనుప రంధ్రంలో అల్యూమినియం బుష్ ఇరుక్కుంటే? అప్పుడు సమంగా కాల్చితే ఇంకా బిగుస్తుంది, చల్లబరచాలి. కనుక గ్యాసు టార్చి వెలిగించే ముందు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: బయట ఉన్నది ఏ లోహం? ఈ ప్రశ్న వేయకుండా మంట పెట్టినవాళ్ళే, వేడి పనికిరాదని తేల్చేస్తారు.

మెగ్నీషియం అంటుకుంటుంది కదా అనే భయం న్యాయమైనదే, కానీ దాన్ని సరైన చోట పెట్టుకోవాలి. దీపావళి మతాబుల్లో తెల్లగా మెరిసేవాటిలో ఈ లోహమూ ఒకటి, అయితే అక్కడ ఉన్నది పొడి. పొడికీ రజనుకూ గాలి అన్ని వైపులా తగులుతుంది, వేడి పారిపోవడానికి చోటుండదు. గట్టి పోత ముక్క అంటుకోవాలంటే అది కరిగే ఉష్ణోగ్రత దాకా, అంటే 650 డిగ్రీల దరిదాపులకు వెళ్ళాలి. ఫోక్స్‌వాగన్ బీటిల్ ఇంజన్ గుండెకాయ లాంటి క్రాంక్‌కేసు మెగ్నీషియం పోతే. 1968 నుంచి 1977 వరకు 911 క్రాంక్‌కేసు కూడా అదే. రోజూ వందకు పైగా డిగ్రీల నూనె వాటిలో తిరిగింది. మనం వలయాన్ని వేడెక్కించేది 90 నుంచి 110 డిగ్రీల దాకా మాత్రమే. దీనికి హీట్ గన్ చాలు, మంట వద్దు. మంట వద్దనడానికి అసలు కారణం నిప్పు భయం కన్నా లోపలి ఆల్టర్నేటర్: తీగచుట్ల మీది వార్నిష్, బేరింగుల్లోని గ్రీజు, డయోడ్లు 150 డిగ్రీల పైన నలిగిపోతాయి. ఆకురాయి, గ్రైండర్ మాత్రం ఆ దరిదాపులకు రానీయకండి, రజను పుడుతుంది. ఒకవేళ అంటుకుంటే నీళ్ళు పోయకూడదు, మండే మెగ్నీషియం నీటిలోంచి హైడ్రోజన్‌ను విడగొడుతుంది. పొడి ఇసుక బకెట్ పక్కనుంటే చాలు.

‘రాత్రంతా నూనెలో నాననిస్తే సరి’ అనేది షెడ్డులో వినపడే మరో మాట. కిరోసిన్, డీజిల్, డబ్బాల్లో దొరికే తుప్పు నూనెలు అన్నీ సన్న సందుల్లోకి కేశనాళిక గుణంతో పాకుతాయి, నిజమే. కానీ ఇక్కడ సందు లేదు, దాన్ని పొడి నింపేసింది. నూనె హైడ్రాక్సైడ్‌ను కరిగించదు. నూనె పనికిరాదనడం లేదు, దాని వంతు తర్వాత వస్తుంది. వేడికి పొర చిట్లి సన్నటి పగుళ్ళు పడ్డాక వేసిన నూనె లోపలికి పోతుంది, లాగేటప్పుడు జారుడు ఇస్తుంది. ఇక రసాయనాలు. మెగ్నీషియం పొడిని వెనిగర్ కరిగిస్తుంది, దాంతోపాటు గూడునూ బుడగలు తేలేలా తింటుంది. కాస్టిక్ సోడా మెగ్నీషియాన్ని పెద్దగా ముట్టుకోదు, అల్యూమినియాన్ని మాత్రం ఆబగా మింగుతుంది. అంటే కాస్టిక్‌లో ముంచితే గూడు క్షేమంగా బయటపడుతుంది, ఆల్టర్నేటర్ మాయమవుతుంది. తీసినట్టే లెక్క, ఒక రకంగా!

పని ఇలా సాగాలి. గూడును కారు నుంచి విప్పి, ఫ్యాన్‌ను ఆల్టర్నేటర్ ఇరుసు మీది నుంచి తీసి, వెనక నట్లన్నీ వదిలాయో లేదో రెండుసార్లు చూసుకోవాలి. మరచిన ఒక్క నట్టు పై లెక్కలన్నిటినీ అబద్ధం చేస్తుంది. అంచుల్లోని తెల్లపొడిని కొయ్య పుల్లతో గీకేయాలి. ఫ్రిజ్‌లో పట్టేటట్టయితే మొత్తం గూడును ఒక రాత్రి అందులో ఉంచితే మేలు, ఇంట్లోవాళ్ళను ఒప్పించడం వేరే సమస్య. లేదంటే ఐసు ముక్కలు పోసి గట్టిగా మూతికట్టిన పాలిథీన్ సంచిని ఆల్టర్నేటర్ వెన్ను మీద పెట్టాలి. తర్వాత గూడును వలయం అంచు కింద కొయ్య దిమ్మల మీద, ఆల్టర్నేటర్ కిందికి జారే వైపుగా నిలిపి, వలయం చుట్టూ హీట్ గన్‌ను ఆగకుండా తిప్పుతూ రెండు మూడు నిమిషాలు కాల్చాలి. ఒక్కచోట ఆపితే వలయం గుండ్రం తప్పుతుంది. వేడి చాలిందా అని చూడడానికి దోసె పెనానికి చేసే పరీక్షే: ఒక్క నీటి చుక్క వేస్తే చుయ్యిమనాలి. వెంటనే అల్యూమినియం ఒంటి అంచు మీద ఒక కొయ్య ముక్క ఆనించి, నైలాను సుత్తితో ఎదురెదురు వైపులా మార్చి మార్చి తట్టాలి. ఇరుసు మీద మాత్రం తట్టకూడదు. చప్పుడు వినండి. గట్టిగా మోగే శబ్దం డొల్లగా మారిందంటే పొర చిట్లింది. కదలకపోతే చల్లారనిచ్చి, నూనె వేసి, మళ్ళీ కాల్చాలి. ఒక్కో వేడి-చలి చుట్టుకు ఆ పెళుసు పొర కొంత నలుగుతుంది. మూడోసారికో నాలుగోసారికో వదిలితే అది ఓటమి కాదు, ఆ లోపు సుత్తి బరువు పెంచితేనే ఓటమి.

ఇంత తంటా దేనికి, గూడు కోసేసి కొత్తది వేసుకోవచ్చుగా అనేవాళ్ళకు చెప్పేది తక్కువే. లారీ ఆల్టర్నేటర్‌కైతే ఆ మాట చెల్లుతుంది, బజారులో దొరుకుతుంది. అరవై ఏళ్ళనాటి మెగ్నీషియం పోతకు బదులు వెతకడం, ఉన్నదాన్ని ఓపిగ్గా కాపాడుకోవడం కన్నా కష్టం.

తిరిగి బిగించేటప్పుడు అలార్మ్ ఓడలోని కాగితాన్ని తలచుకోండి. తెల్లపొడినంతా తుడిచి, ఆరబెట్టి, వలయం లోపలా ఆల్టర్నేటర్ ఒంటి మీదా మైనం లాంటి గ్రీజు పలచగా పూయండి. కరెంటు తిరిగి పోయే దారి ఆ పొరతో మూసుకోకుండా ఎర్తు తీగను విడిగా బిగించండి. రాగి పొడి కలిపిన గ్రీజు మాత్రం వద్దు, అది మెగ్నీషియం పక్కన మూడో లోహాన్ని తెచ్చి పెట్టడమే.